నిప్పు చూడని నీళ్ళు

రాయగడ నుంచి తిరిగొచ్చిన మా అత్తగారు గుమ్మం పక్కన సంచీ దింపి, నేనిచ్చిన చెంబు పట్టుకుని కాళ్ళు కడుక్కోకుండా అలాగే నిలబడ్డారు. నెల్లాళ్ళు ఉండి వస్తానని కూతురింటికి వెళ్ళిన మనిషి వారం తిరక్కుండా పార్వతీపురంలో దిగిపోతే, ఆడపడుచుతో ఏదో మాటా మాటా వచ్చి ఉంటుందనుకున్నాను.

"సిస్టరమ్మ ఎల్లిపోనాదే అమ్మీ," అన్నారు.

నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నాను. చేట పక్కన పెట్టేశాను. ఏడుపు రాలేదు. ఎవరైనా పోయారంటే మనకి ముందు వాళ్ళ ముఖం గుర్తు రావాలి కదా, నాకు మాత్రం సిస్టరమ్మ మోచెయ్యి గుర్తొచ్చింది.

ఆవిడ లోకాన్ని మోచేత్తో చూసేది. నర్సుగా ఉన్నన్నాళ్ళూ పసిపిల్లల స్నానం నీళ్ళు మోచేత్తో పరీక్షించిన అలవాటు, ఉద్యోగం దిగిపోయాక కూడా ఆవిణ్ణి వదల్లేదు. టీ గ్లాసు ఇస్తే ముందు మోచెయ్యి ఆనించేది. జ్వరమంటే నుదుటి మీద మోచెయ్యి. సంతలో పుచ్చకాయ కొన్నా దాని పొట్ట మీద మోచెయ్యి ఆనించి, బేరం అప్పుడు మొదలుపెట్టేది. అదేమిటని నేను నవ్వితే, "అరచెయ్యి అబద్ధాలు చెప్తాది అమ్మీ. పన్లు చేసీ చేసీ మొద్దుబారిపోయిన చెయ్యది. మోచెయ్యికి ఏ పనీ నేదు, అందుకే నిజం చెప్తాది," అనేది.

ఆవిడకి పేరుండేది, ఉండకుండా ఎలా ఉంటుంది! కానీ రాయగడలో ఎవరికీ ఆ పేరు అక్కర్లేకపోయింది. గుడారి ఆస్పత్రిలోనూ కొరాపుట్‌లోనూ ముప్పావు జీవితం తెల్లచీర కట్టుకుని తిరిగింది కనక ఊరంతటికీ సిస్టరమ్మ. కట్టుకున్న మొగుడు కూడా నలుగురిలో "మా సిస్టరమ్మ" అనే అనేవారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. పచ్చజెండా ఊపడం, ఎర్రజెండా ఊపడం తప్ప ఎవరితోనూ వాదన పెట్టుకోని మనిషి. ఇంట్లో జెండాలన్నీ సిస్టరమ్మ చేతిలోనే ఉండేవి.

రాయగడలో ఉన్నన్నాళ్ళూ మేం వాళ్ళ ఎదురింట్లో అద్దెకుండేవాళ్ళం. మా ఆయనది స్టేషన్లో గుమస్తా ఉద్యోగం, నాది బడి పంతులమ్మ ఉద్యోగం. ఆదివారం ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళం. మా అత్తగారూ సిస్టరమ్మా ఒకరినొకరు "వదినగారూ" అని పిలుచుకుంటూ, ఒక్క విషయంలోనూ ఏకీభవించకుండా, ఒక్క రోజూ విడిచి ఉండకుండా కాలక్షేపం చేసేవారు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఆవిడ తన సొంతింటి మేడ మీద సోలార్ హీటర్ పెట్టించింది. అప్పటికి రాయగడలో ఆ మాట విన్నవాళ్ళే తక్కువ. కొరాపుట్ వైపు ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ఆవిడ తమ్ముడు టెక్నీషియన్. అక్కడి గెస్ట్ హౌస్ మీద అలాంటిది చూసి వచ్చిన దగ్గర్నుంచీ సిస్టరమ్మకి నిద్ర పట్టలేదు. తమ్ముణ్ణి పీడించి పీడించి, చివరికి ఒక లారీలో రెండు పెద్ద పలకలు తెప్పించుకుంది. పలకంటే చెక్కపెట్టెలో నల్లరంగు వేసిన రేకు, దానికి అతికించిన రాగిగొట్టాలు, పైన అద్దం. ఆ గొట్టాల్లో ఎండకి కాగిన నీళ్ళు వాటంతటవే పైకెక్కి ఒక పీపాలో చేరతాయి. పీపా చుట్టూ ఎండుగడ్డి, గోనెపట్టాలు కట్టారు. అక్కణ్ణించి ఒక గొట్టం కిందికి, స్నానాల గదిలో కుళాయికి.

బిగించే రోజున వీధంతా మేడెక్కింది. పలకల్ని ఎటు తిప్పాలన్న దగ్గర గార్డుగారు జీవితంలో మొదటిసారి ఎర్రజెండా ఎత్తారు.

"తూరుపున పుట్టే సూర్యుడికి దక్షిణం చూపిస్తావేటయ్యా బావమరిదీ?"

"పొద్దున్న తూరుపు, సాయంత్రం పడమర. మిగతా రోజంతా దక్షిణాన్నుంచే నడుస్తాడు బావా," అన్నాడు తమ్ముడు బోల్టు బిగిస్తూ.

గార్డుగారికి నచ్చలేదు. బైబిల్లో ఏ మంచి వచ్చినా తూర్పునుంచే వచ్చిందని గొణిగారు. మా అత్తగారు కూడా ఆయన పక్షమే. "దచ్చినం కేసి పెట్టి నీల్లు కాత్తారా ఎవులైనా? అది యముడి దిక్కు," అన్నారు. చర్చికి వెళ్ళే మనిషికి యముడితో పనేమిటని నేనడిగితే, "ఆడికి మనతో పనుంటాది గదా," అన్నారు.

పలకలు దక్షిణానికే నిలబడ్డాయి. ఆ రోజు నుంచీ సిస్టరమ్మకి సూర్యుడు వార్డుబోయ్ అయిపోయాడు. పొద్దున్నే మేడెక్కి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కొండల మీదికి చూస్తూ, "ఏటి నాయనా, డ్యూటీకి రావడానికి ఇదా టైము?" అని గట్టిగా అడిగేది. పొగమంచు పట్టిన రోజున, "ఇయ్యాల హాఫ్ డే," అనేది. వానాకాలంలో వారాల తరబడి మబ్బు కమ్మితే, "మెడికల్ లీవు. సర్టిఫికెట్ కూడా పంపనేదు," అని నిట్టూర్చి అందరిలాగే పొయ్యి రాజేసుకునేది. కొల్నార వైపు నుంచి కట్టెలు నెత్తిన పెట్టుకొచ్చే కొండమనిషి ఒకామె ఆ రోజుల్లో ఆవిడ గుమ్మం ముందు మోపు దింపి, మేడవైపు చూసి నవ్వేది. సిస్టరమ్మ కూడా నవ్వి కట్టెలు తీసుకునేది.

ఎండ ఉన్న రోజున మాత్రం ఆ ఇల్లు చూసి తీరాలి. మధ్యాహ్నం మూడు దాటితే వీధిలో సగంమంది బకెట్లతో అక్కడే. జిడ్డు గిన్నెలకొకరు, తలంటికొకరు, కాళ్ళ నొప్పులకొకరు. కరెంటు పోయి మోటారు ఆగితే గార్డుగారు బావినుంచి తోడి మేడ మీదికి బిందెలు మోసేవారు. అందరికీ కుళాయి విప్పేముందు సిస్టరమ్మ మోచెయ్యి పెట్టి చూసి, "ఊఁ, పట్టుకెళ్ళు," అనేది. ఆ 'ఊఁ' అనేటప్పుడు ఆవిడ ముఖంలో ఉండే తృప్తి నేను చాలామంది శ్రీమంతుల ముఖాల్లో వెతికాను గాని కనబడలేదు.

అన్నిటికీ తీసుకెళ్ళేవారు గాని, ఒక్కదానికి మాత్రం ఎవరూ ఆ నీళ్ళు తీసుకెళ్ళేవారు కాదు. బాలింత స్నానానికి.

సిస్టరమ్మ అసలు ఆ పలకలు పెట్టించుకున్నదే అందుకు. గుడారిలో పనిచేసేటప్పుడు చలికాలం కాన్పులంటే ఆవిడకి దడ. కట్టెలు మంచుకి తడిసి మండేవి కావు. ఊది ఊది ఆయా కళ్ళు వాచిపోయేవి, నీళ్ళు మాత్రం కాగేవి కావు. "కొండ మీంచి డోలీలో మోసుకొచ్చిన తల్లి, కాన్పయ్యాక కాసిన్ని ఏణ్ణీళ్ళు పొయ్యమ్మా అని అడిగితే, నేవని చెప్పేను అమ్మీ. మందు నేదని చెప్పినప్పుడు కూడా నాకంత సిగ్గెయ్యనేదు," అని ఒకసారి నాతో అంది. అది చెప్పినప్పుడు ఆవిడ నవ్వలేదు. తన మేడ మీది నీళ్ళతో ఒక్క తల్లయినా వెచ్చగా స్నానం చెయ్యాలి, పొగ లేని గదిలో పడుకోవాలి. రిటైరయ్యాక ఆవిడ కోరుకున్నది అంతే.

దానికి అడ్డం నిలబడింది మా అత్తగారు. వీధిలో కాన్పులన్నిటికీ నీళ్ళు పోసే పెద్దరికం ఆవిడది.

"నిప్పు సూడని నీల్లు బాలింతకి పోత్తే సన్నిపాతం కమ్మేత్తాది వదినగారూ. మా యమ్మ సెప్పినాది. మా యమ్మకి ఆల యమ్మ సెప్పినాది."

"నిప్పంటే పొయ్యిలోదొక్కటేనా? మరి ఆ పైనున్నదేటి వదినగారూ, పెట్రోమాక్సు లైటా?"

"నిప్పు నేకుండా పొగ రాదంటారు లోకంలో. మీరేటో పొగ నేకుండా నిప్పుందంటారు. నాకెక్కదు."

ఇలా రెండేళ్ళు నడిచింది. తర్వాత నాకు కాన్పయింది.

డిసెంబరు నెల. రాయగడ చలి ఎరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా స్నానాల దడి మేం పడుకున్న గదికి ఆనుకునే ఉండేది. అక్కడ మూడు రాళ్ళ మీద కాగు, దాని కింద పచ్చికట్టెలు. నీళ్ళు కాగేసరికి పొగంతా నా గదిలోకి వచ్చేది. పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. పసిగుడ్డు దగ్గు పెద్దగా వినపడదు, ఒళ్ళంతా ముడుచుకుని ఎర్రబడిపోతుంది, అంతే. సిస్టరమ్మ వచ్చి పిల్ల వీపు మీద చెవి ఆనించి విని, లేచి, మా అత్తగారి ఎదురుగా నిలబడింది. ఆ రోజు పెట్రోమాక్సు లైటు లాంటి హాస్యాలేం ఆడలేదు.

"వదినగారూ, మీరు చెప్పినవన్నీ వింటాను. వావిలాకు వెయ్యండి, పసుపు రాయండి, తల గట్టిగా కట్టండి. ఆ కాగు మాత్రం ఆర్పండి. ఈ పొగ ఈ పిల్లకి పడదు. నా నీళ్ళు తెప్పిస్తాను."

మా అత్తగారు పిల్లని ఒళ్ళోకి తీసుకుని, అది దగ్గుతుంటే చూస్తూ, "రేపు తెప్పించండి," అన్నారు.

నా మంచం మీంచి నాకు సిస్టరమ్మ వెళ్ళడం కనిపించింది. ఆ వయసులో వీధిని రెండంగల్లో దాటేసింది.

పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, అలా అయింది మర్నాడు. మధ్యాహ్నం గార్డుగారు రెండు బకెట్లు మోసుకొచ్చి గుమ్మంలో పెట్టారు. సిస్టరమ్మ వెనకాలే వచ్చి, అలవాటు ప్రకారం మోచెయ్యి పెట్టింది. పెట్టి, తియ్యలేదు. ముఖం పాలిపోయింది. మా అత్తగారు అరచెయ్యి ముంచి చూసి, "ఇయ్యేటి వదినగారూ, బాయినీల్లు," అన్నారు. ఎగతాళిగా కూడా అనలేదు, నిజంగా ఆశ్చర్యపోయి అన్నారు. అందుకే సిస్టరమ్మకి ఎక్కువ తగిలింది. అత్తగారు మళ్ళీ కాగు కింద నిప్పు పెట్టారు.

ఆకాశంలో మబ్బు తునక లేదు. సూర్యుడు డ్యూటీలోనే ఉన్నాడు. సిస్టరమ్మ ఇంటికి వెళ్ళి చీర కుచ్చిళ్ళు దోపుకుని మేడెక్కింది. తర్వాత జరిగింది ఆవిడే నాకు చెప్పింది, చెప్పిన ప్రతిసారీ కళ్ళలో నీళ్ళొచ్చేంత నవ్వుతూ.

క్రిస్మస్‌కి ఇంటికి సున్నం వెయ్యడం మా వాళ్ళందరికీ ఆచారం. గార్డుగారు ఏటా స్వయంగా వేసేవారు. ప్రహరీ, మెట్లు, బావి చప్టా, తులసికోట లేదు గనక కరివేపాకు చెట్టు మొదలు, కుంచె అందినంతవరకూ అన్నీ తెల్లబడిపోయేవి. ఆయన కట్టే కాయితం నక్షత్రం ఏటా మంచుకి తడిసి చిరిగిపోయేది. ఈసారి చిరగని నక్షత్రం కావాలనుకున్నారు. మేడ మీద రెండు పలకలూ నల్లగా, నున్నగా, బడిలో నల్లబల్లలా పక్కపక్కనే ఉన్నాయి. ముందురోజు పొద్దున్న, పిల్ల దగ్గు వల్ల ఆ రెండ్రోజులూ మేడెక్కడం మానేసిన సిస్టరమ్మ మా ఇంట్లో ఉండగా, రెండు పలకల అద్దాల మీదా కలిపి ఒకే ఒక్క నక్షత్రం వేశారు. కొసలు అంచుల దాకా లాగారు. తోక కూడా పెట్టారు. పల్చగా ఉందనిపించి రెండో పూత కూడా వేశారు. పండగ ముందురోజు సాయంత్రం ఆవిణ్ణి మేడెక్కించి చూపిద్దామని ఎవరికీ చెప్పలేదు.

సిస్టరమ్మ పైకెక్కేసరికి ఆయన కూడా వెనకాలే ఎక్కారట. "బాగుందా?" అని అడిగారట. బకెట్లో నీళ్ళకీ తన నక్షత్రానికీ సంబంధం ఉంటుందని ఆయనకి అప్పటికీ తోచలేదు.

"తిడదామని నోరు తెరిచేను అమ్మీ. ఆయన మీసాలకి సున్నం. చేతికి సున్నం. చొక్కా బొత్తాలకి సున్నం. ముప్పై ఏళ్ళు బండి వెనకాల పెట్టెలో కూచుని ఒక్క క్రిస్మస్సూ ఇంట్లో నేని మనిషి. ఏటని తిట్టగలను?"

ఏమందో తెలుసా? "నక్షత్రం చాలా బాగుంది గానీ, మరి నక్షత్రం తూరుపున కదండీ ఉండాల? దక్షిణాన పెట్టేసేరేటి?" అంది.

గార్డుగారు తల మీద చెయ్యి వేసుకున్నారట. పలకలు తూర్పుకి తిప్పమని అంత వాదించిన మనిషి, తీరా నక్షత్రం దగ్గరికొచ్చేసరికి అంత పొరపాటు చేశారు! వెంటనే కొబ్బరిపీచు తెచ్చి, ఆయనే కూర్చుని అద్దాలు తోమేశారు. పొద్దుపోయేలోగా మేడ మెట్లగది తూర్పుగోడ మీద దానికి రెండింతల నక్షత్రం వెలిసింది. సున్నం ఎండకి అడ్డం పడి నీళ్ళు చల్లబడిన సంగతి ఆవిడ ఆయనకి ఆ తర్వాత, పండగ వెళ్ళాక చెప్పిందట.

మర్నాడు మళ్ళీ బకెట్లొచ్చాయి. ఈసారి ఆవిరి కనబడింది. సిస్టరమ్మ మోచెయ్యి పెట్టి "ఊఁ" అంది గాని, ఆ 'ఊఁ' వణికింది. మా అత్తగారు అరచెయ్యి పెట్టి చూసి తలూపారు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, పట్టకారుతో ఎర్రటి నిప్పుకణిక ఒకటి తెచ్చి, బకెట్లో పడేశారు. సుయ్యిమంది. బూడిద పైకి తేలింది.

"ఇప్పుడు సూసినాది నిప్పు," అన్నారు.

గాయాలకి కట్టే గాజుగుడ్డ మీద చుక్క మరక పడితే మళ్ళీ ఉడకబెట్టించే నర్సు సిస్టరమ్మ. ఆ బూడిద వైపు ఒక చూపు చూసింది. నా వైపు చూసింది. "పోన్లెండి వదినగారూ, ఒళ్ళు తోముకోడానికి బూడిద కూడా మంచిదే," అంది. ఆ రోజు నేను పోసుకున్న స్నానం నాకిప్పటికీ ఒంటి మీద ఉంది. దడిలో పొగ లేదు. ఒకావిడ నీళ్ళు పోస్తోంది, ఒకావిడ గుమ్మంలో పిల్లని పట్టుకుని నిలబడింది. నాలుగు రోజుల్లో పిల్ల దగ్గు తగ్గింది. ఎవరి వల్ల తగ్గిందన్న దాని మీద వదినగార్లిద్దరూ మేం బదిలీ అయి వచ్చేదాకా వాదించుకున్నారు.

ఆ తర్వాత వీధిలో ఏ ఇంట కాన్పయినా సిస్టరమ్మ నీళ్ళే. ముందు గార్డుగారు బకెట్లతో, వెనక మా అత్తగారు మూకుట్లో నిప్పుతో. సూర్యుడు కాచిన నీళ్ళకి మా అత్తగారి కణికే అనుమతి ముద్ర. అది పడందే ఏ తల్లీ తల తడుపుకునేది కాదు. సిస్టరమ్మ ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు. "నాకు నీళ్ళు కావాల, ఆవిడకి నిప్పు కావాల. తల్లికి ఏణ్ణీళ్ళు కావాల. ముగ్గురికీ దొరికేయి కదా," అనేది.

ఇదంతా నాకు చేట ముందు కూర్చునే గుర్తొచ్చింది. మా అత్తగారు అప్పటికి అరుగు మీద కూలబడ్డారు. చెంబు ఇంకా చేతిలోనే ఉంది. నేను అడక్కుండానే చెప్పుకొచ్చారు.

"నిద్దట్లోనే ఎల్లిపోనాది. మంచి సావు. తెల్లారి గార్డుబాబు నన్ను పిలిసి, మా సిస్టరమ్మకి నీల్లు మీరే పొయ్యాలమ్మా అన్నాడు. అని మేడెక్కీసినాడు. ఏటి సేత్తన్నాడో అని నానూ ఎక్కి సూసేను. అద్దాలు తుడుత్తన్నాడే అమ్మీ. తడిగుడ్డెట్టి, మెల్లగ. ఎండెక్కేదాక అక్కడే కూకున్నాడు."

"ఆ నీళ్ళే పోశారా?"

"మరేటి పోత్తాను? ఊరందరికీ పోసినాది, ఆ యమ్మకి పొయ్యొద్దా?" అన్నారు. "పక్కింటోలు నా అలవాటు ఎరిగినోలు గదా, మూకుట్లో నిప్పులు తెచ్చి నా పక్కనెట్టేరు. పట్టుకెల్లిపొమ్మన్నాను."

"నిప్పు వెయ్యలేదా?"

మా అత్తగారు చెంబు కింద పెట్టారు.

"యెయ్యనేదు. మోచెయ్యెట్టి సూసేను. సరిపోనాయి."

ఏడుపు నాకు అప్పుడొచ్చింది.